బెట్టకు ఏ సోయా రకం నిలుస్తుందో మన చేలోనే తేల్చుకోవడం

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో కిన్వట్, ధర్మాబాద్, దెగ్లూర్ వైపు తెలుగు రైతులు సోయా విత్తనం కొనేటప్పుడు ముందుగా అడిగేది పంట ఎన్ని రోజులకు వస్తుందనే. ఆ ఒక్క లెక్క చాలదు. ఎందుకంటే ఒకే బెట్ట వేర్వేరు రకాలను వేర్వేరు దశల్లో పట్టుకుంటుంది. జూన్ 25న విత్తితే, ఆగస్టు నడుమ వాన ఆగినప్పుడు సుమారు 85 రోజుల జేఎస్ 95-60 రకం గింజ కట్టడం మొదలుపెట్టి ఉంటుంది, 95 నుంచి 100 రోజుల జేఎస్ 335 ఇంకా పిందె దశలోనే ఉంటుంది. అదే బెట్ట సెప్టెంబరు మొదట్లో వస్తే మొదటిది చాలావరకు గట్టెక్కుతుంది, రెండోదానికే దెబ్బ.

అందుకని ఈ రెంటితోపాటు పర్భణీ వ్యవసాయ విశ్వవిద్యాలయం రకమైన ఎంఏయూఎస్ 158ను కూడా తీసుకుని, 75 నుంచి 100 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా నానిన తరువాత, మూడింటినీ ఒకే రోజున 45 సెంటీమీటర్ల సాళ్ళలో విత్తాలి. ఒక్కో రకాన్ని లోతు రేగడిలో ఒకచోట, గట్టు పక్కన పలుచని నేలలో మరొకచోట వేయాలి; లేకపోతే నేల గుణాన్ని విత్తనం గుణమనుకుంటాము. నేను మొదటి ఏడు ఆ పొరపాటే చేశాను.

వాన ఆగిన వారం తరువాత మధ్యాహ్నం చేలోకి వెళ్ళాలి. ఆకులు తిరగబడి తెల్లని అడుగుభాగం కనిపించడం ఏ రకంలో ముందు మొదలైందో, మరునాటి ఉదయానికి ఏది తేరుకుందో తేదీ వేసి రాసుకోవాలి. ఒక మొక్కను మట్టితో సహా పెళ్ళగించి వేరుబుడిపెను (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే, వేరుమీది చిన్న గడ్డను) గోటితో చీల్చి చూస్తే, లోపల గులాబీరంగు ఉంటే నత్రజని ఇంకా అందుతున్నట్టే. బూడిదరంగుకు తిరిగితే ఆ పని ఆగినట్టు. ఆకు పచ్చగా ఉన్నంత మాత్రాన మోసపోకూడదు.

కోతప్పుడు 2.2 మీటర్ల సాలు దాదాపు ఒక చదరపు మీటరు అవుతుంది. ఆ సాలులోని మొక్కల కాయలు లెక్కపెట్టి, నూర్చి, ఆరబెట్టి గింజలు తూచాలి. 200 గ్రాములు వస్తే ఎకరానికి 8 క్వింటాళ్ళు. తరువాత విడిగా నూరు గింజలు తూచాలి. కాయలే తక్కువైతే దెబ్బ పూత, పిందె దశలో తగిలింది. కాయలు నిండుగా ఉండి నూరు గింజల బరువు తగ్గితే గింజ నిండేటప్పుడు తగిలింది. రెండో సందర్భం ఏటా ఎదురయ్యే పలుచని నేలకు తక్కువ రోజుల రకమే తగినది.