చరిత్ర పోటీకి కొండంత అంశం వద్దు, కొండదారి చాలు

‘తిరుమల చరిత్ర’ అని ప్రాజెక్టుకు పేరు పెట్టుకొని వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఒకటే. ఆ పేరు కొట్టెయ్యండి.

తిరుపతిలో చాలా ఏళ్లు హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పినదాన్ని. ఇప్పుడు మా అక్క మనవరాలు అమెరికాలో ఏడో తరగతి చదువుతూ నేషనల్ హిస్టరీ డే పోటీకి తయారవుతోంది. 1974లో క్లీవ్‌లాండ్‌లో మొదలైన ఈ పోటీ ఆరు నుంచి పన్నెండు తరగతుల పిల్లలది. ఏటా ఒక థీమ్ ఇస్తారు. వ్యాసం, ఎగ్జిబిట్, డాక్యుమెంటరీ, నాటకం, వెబ్‌సైట్‌లలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. వ్యాసానికి 2,500 పదాలు దాటకూడదు, డాక్యుమెంటరీకి 10 నిమిషాలే. పల్లవుల నాటి నుంచి ఈనాటి దాకా అందులో ఎలా పడుతుంది?

అందుకే ఆ పాపతో ఒక ప్రశ్న రాయించాను: 1944లో ఘాట్ రోడ్డు వచ్చాక కొండకు వెళ్లే తీరు ఎవరికి ఎలా మారింది? పై తరగతుల వాళ్లయితే ఇంకో ప్రశ్న ఉంది. 1843లో ఈస్టిండియా కంపెనీ గుడి నిర్వహణను హాథీరాంజీ మఠం మహంతుకు, అంటే ఆ మఠాధిపతికి, ఎందుకు అప్పగించింది? హిందూ గుళ్ల వ్యవహారాల్లో కంపెనీ చెయ్యి ఉండకూడదని మిషనరీలు పెట్టిన ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి వెతకొచ్చు.

ఘాట్ రోడ్డు తీసుకుంటే పుస్తకాల కంటే ముందు మనుషుల దగ్గరికి వెళ్లండి. రోడ్డు లేని రోజుల్లో కొండెక్కినట్టు గుర్తున్న అవ్వలూ తాతలూ ఇప్పుడు తొంభై చుట్టుపక్కల ఉంటారు. లైబ్రరీ వచ్చే నెల కూడా ఉంటుంది. ‘అప్పట్లో ఎలా ఉండేది తాతా?’ అని అడిగితే ‘బాగుండేది నాయనా’ అంటారు, అంతటితో సరి. ఏ వేళకు బయల్దేరేవాళ్లు, మూటలో ఏం కట్టుకునేవాళ్లు, అలిపిరి మెట్లా శ్రీవారి మెట్టా, నడవలేని పెద్దవాళ్లను డోలీలో మోసింది ఎవరు, వాళ్లకేం ఇచ్చేవాళ్లు అని అడగండి. అనుమతి తీసుకొని ఫోన్‌లో రికార్డు చెయ్యండి. పేరు, వయసు, ఊరు, మాట్లాడిన తేదీ ఆ రోజే రాసుకోండి.

జ్ఞాపకం ఒక్కటే చాలదు. దానికి కాగితం తోడు కావాలి. 1911కు ముందు చిత్తూరు జిల్లా అనేది లేదు. తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది, చిత్తూరు దానికి ముఖ్యపట్టణం. కాబట్టి పాత రికార్డులు ‘నార్త్ ఆర్కాట్’ పేరుతో వెతకాలి. ఊరి పేరును తెల్లదొరలు ‘ట్రిపెట్టీ’ అని కూడా రాశారు, అలా కూడా వెతకండి. 1881 నాటి కాక్స్ దొర జిల్లా మాన్యువల్, అంటే ఆ జిల్లా వివరాల పుస్తకం, ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో చదవొచ్చు. ఇంకా పాత కాలపు అంశమైతే దేవస్థానం అచ్చువేసిన శాసన సంపుటాలున్నాయి.

‘రోడ్డు వచ్చింది, భక్తులకు సౌకర్యం పెరిగింది’ అని రాస్తే అది సమాచారం. జడ్జీలకు కావలసింది వాదన. ఎవరికి దారి తెరుచుకుంది, ఎవరి బతుకుతెరువు మారింది అన్నదానికి మీ జవాబు ఉండాలి. దొరికిన ఆధారాలు ఆ జవాబుకు ఎదురు తిరిగితే జవాబునే మార్చండి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే.

చివర ఆధారాల పట్టిక ఉంటుంది. ఆ కాలం నాటివి ఒకపక్క, తర్వాతివాళ్లు రాసినవి ఇంకోపక్క వేసి, ఒక్కోదాని కింద అది మీకెలా పనికొచ్చిందో రెండు మూడు వాక్యాలు రాయాలి. చదివిన రోజే రాసేస్తే ఆఖర్న ఏడుపు ఉండదు.

అమ్మానాన్నలకు ఒక మాట. ఊళ్లు తిప్పండి, పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టండి, రాయడం మాత్రం వాళ్లకే వదలండి. జడ్జీల ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది పిల్లలే. పోటీకి ముందు ఇంట్లో ఒకరు వాళ్ల ఎదురుగా కూర్చొని, ప్రతి వాక్యానికీ ‘ఇది నీకెలా తెలుసు?’ అని అడగండి. జవాబు రాని వాక్యాన్ని వాళ్ల చేతే తీయించండి.