ముందు పేరు అడగండి

సెలూన్‌లోనో హోటల్‌లోనో ఈశాన్య రాష్ట్రాల కుర్రవాడు కనబడగానే "ఆ చైనావాణ్ణి పిలువు" అనేవారిని మీరూ చూసే ఉంటారు. అప్పుడు మీరు అతని పేరు అడగండి. అందరికీ వినిపించేలా ఆ పేరుతోనే పిలవండి. మా వీధి సెలూన్‌లో నేను రెండుసార్లు తప్పు పలికితే, ఆ మిజో అబ్బాయి దువ్వెన పక్కన పెట్టి, విడదీసి పలికి నేర్పాడు. వారం తిరగకుండానే యజమాని నోట కూడా అదే పేరు!

మాట వెక్కిరింతలోకి దిగితే మాత్రం ఊరుకోవద్దు, "అలా అనకండి" అని అక్కడికక్కడే చెప్పండి. 2014లో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా ప్రాణం తీసిన గొడవ అతని జుట్టును ఎగతాళి చేయడంతోనే మొదలైంది.