బోటు ఇంజన్ మన చేతుల్లో – 4వ పాఠం: ఆయిల్ డబ్బా వెనక్కి తిప్పి చూడండి

పోయిన పాఠంలో గేజ్ పుల్ల తీసి ఆయిల్ మట్టం చూడటం నేర్చుకున్నాం. ఇంజన్‌తో వచ్చిన పుస్తకంలో ఆయిల్ పేజీ వెతికి, అక్కడున్న నంబరూ అక్షరాలూ రాసుకోమని ఇంటిపని ఇచ్చాను. పుస్తకం ఎప్పుడో తడిసి పోయిందంటారా? ఇంజన్ మీది ప్లేటును ఫోన్‌తో ఫొటో తీసి డీలర్‌కి పంపండి, చెబుతారు. ఆ రెండు ముక్కలు చేతిలో లేకుండా ఈ పాఠం పని చేయదు.

జువ్వలదిన్నెలో అయినా కొత్తపట్నంలో అయినా కొట్టుకి పోయి మనం అడిగేది ఒకే మాట: "అన్నా, బోటుకి మంచి ఆయిల్ ఇవ్వు." అప్పుడు ఆయన దగ్గర ఏది ఎక్కువ మిగిలి ఉంటే అదే మంచి ఆయిల్ అవుతుంది. డబ్బా ముందువైపు ఉండే పులి బొమ్మలూ బంగారు రంగు అక్షరాలూ అమ్మడానికి. మనకి కావాల్సింది వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మొదట నంబరు. 15డబ్ల్యూ-40 అని ఉందనుకోండి. డబ్ల్యూ అంటే వింటర్, చలికాలం. ముందున్న 15 గడ్డకట్టే చలిలో ఇంజన్ తిరగడానికి సంబంధించింది. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే మన ఊళ్లలో దానితో పెద్దగా పని లేదు. మన లెక్కంతా వెనకున్న 40 మీదే. ఇంజన్ వేడెక్కి ఆయిల్ 100 డిగ్రీలకి చేరినప్పుడు ఎంత చిక్కగా నిలబడుతుందో అది చెబుతుంది. పాత ఇంజన్లకి కొన్నిటికి డబ్ల్యూ లేకుండా ఒట్టి 40 అని రాసి ఉంటుంది. వాటికి అదే పోయండి, తప్పేమీ లేదు.

ఇక్కడే మన సరంగులు, అంటే బోటు నడిపేవాళ్లు, పడే పొరపాటు ఒకటుంది. "40 కన్నా 50 చిక్కన కదా, బోటు బరువు లాగుతుంది, అదే పోద్దాం" అంటారు. చిక్కటి ఆయిల్ తెల్లారుజామున స్టార్ట్ చేసినప్పుడు సన్న సందుల్లోకి ఆలస్యంగా చేరుతుంది. ఆ కాసేపు బేరింగులు సరిగా తడవకుండానే తిరుగుతాయి. పైగా ఆయిల్‌ని తిప్పడానికే ఇంజన్ కొంత డీజిల్ తాగుతుంది. రింగులు అరిగి పొగ కక్కే ఇంజన్‌కి చిక్కటి ఆయిల్ పోసి సీజన్ నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు, నాకు తెలుసు. అది కుంటికాలికి కట్టిన కట్టు లాంటిదే, వైద్యం కాదు.

తర్వాత అక్షరాలు. ఏపీఐ అనే మాట పక్కన చూడండి. ఆయిల్‌కి రకాలు నిర్ణయించే అమెరికా సంస్థ పేరది. సీ తో మొదలైతే డీజిల్ ఇంజన్‌ది, ఎస్ తో మొదలైతే పెట్రోల్‌ది. సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4, సీకే-4: రెండో అక్షరం ముందుకి పోయేకొద్దీ కొత్త రకం. సీఐ-4 వచ్చింది 2002లో, సీకే-4 వచ్చింది 2016 చివర్లో. పుస్తకం సీహెచ్-4 అడిగితే సీఐ-4 పోయొచ్చు. సీఐ-4 అడిగితే సీఎఫ్-4కి దిగకూడదు. అంటే పైకి ఎక్కొచ్చు, కిందికి దిగకూడదు. ఎఫ్ఏ-4 అని కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు. అది వేరే జాతి పలచటి ఆయిల్.

ఇప్పుడు చాలామంది అడిగే ప్రశ్న: "మెరైన్ అని రాసున్నదే కొనాలా?" కృష్ణపట్నం పోర్టుకి వచ్చే పెద్ద ఓడల్లో చాలావరకు తాగేది చిక్కటి ఫర్నేస్ ఆయిల్. అందులో గంధకం 2020 నుంచి అర శాతం దాకా ఉండొచ్చు, అంతకు ముందు 3.5 శాతం దాకా ఉండేది. గంధకం కాలితే ఆమ్లం పుడుతుంది. దాన్ని చంపడానికి ఓడ ఇంజన్ ఆయిల్‌లో క్షారం కలుపుతారు, ఆ బలాన్నే టీబీఎన్ అంటారు. మనం బంకులో పోయించే బీఎస్-6 డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లలో 10 పాళ్లే. ఓడ ఇంధనం హద్దుతో చూస్తే 500వ వంతు! అందుకే "ఇది ఓడలోంచి దిగిన సరుకు, సగం ధరకే" అని ఎవరైనా తెస్తే ఆశపడొద్దు. మన ఇంజన్‌కి అంత క్షారం అక్కర్లేదు, మిగిలింది బూడిదై పిస్టన్ మీద పేరుకుంటుంది. లారీ డీజిల్ ఇంజన్‌నే మార్చి బోటుకి బిగించినదైతే, పుస్తకం వేరేగా చెప్పనంతవరకు, లారీకి వాడే మంచి డీజిల్ ఆయిలే దానికి సరిపోతుంది. బోటు వెనక బయటికి తగిలించే అవుట్‌బోర్డ్ పెట్రోల్ మోటారు లెక్క వేరు, దాన్ని దీనితో కలపొద్దు.

ధర చూద్దాం. ఉదాహరణకి ఇంజన్‌కి 14 లీటర్లు పడుతుంది, 250 గంటలకి ఒకసారి మారుస్తాం. లీటరు 300 అయితే 4,200 రూపాయలు, అంటే గంటకి 17 రూపాయల లోపే. లీటరు 220కి దొరికే ఊరూపేరూ లేనిది కొంటే గంటకి మిగిలేది నాలుగున్నర రూపాయలు. అదే గంటలో ఇంజన్ పది లీటర్ల డీజిల్ తాగితే దగ్గర దగ్గర వెయ్యి రూపాయలు. నాలుగున్నర రూపాయల కోసం ఇంజన్‌ని పణంగా పెడతామా?

నేను పెట్టాను. ఒకసారి వేటకి పోయే హడావుడిలో ఒక కొట్లో 20 లీటర్ల బకెట్టు కొన్నాను. మూత కింద సీలు కొంచెం లేచి ఉంటే "ఎండకి ఊడింది, ఏం కాదులే అన్నా" అన్నారు. అరవై గంటలు తిరిగేసరికి ఆయిల్ నీళ్లలా పలచబడింది, ప్రెషర్ ముల్లు కిందికి వాలింది. ఆ టెన్షన్‌లో పట్టిన చేపలు ఎంతకి అమ్మామో కూడా గుర్తు లేదు. అప్పటి నుంచి సీలు వేలితో నొక్కి చూస్తాను, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిపి రాసినట్టు ఉన్నాయేమో చూస్తాను, ఆ నంబరు వేయించి బిల్లు తీసుకుంటాను. ఖాళీ డబ్బాకి మేకుతో నాలుగు బొక్కలు పొడిచాకే పాత సామాన్లవాడికి ఇస్తాను. లేకపోతే అదే డబ్బా మళ్లీ నిండి మనకే రావచ్చు.

ఎప్పుడు మార్చాలి? వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. మనవాళ్లు ఎక్కువమంది జూన్ 13 సాయంత్రం మారుస్తారు. నేనైతే బోటు ఒడ్డుకి చేర్చిన రోజే, ఇంజన్ వేడిగా ఉండగానే, ఫిల్టర్‌తో సహా మార్చమంటాను. పాత ఆయిల్‌లో ఉన్న మసి, ఆమ్లం, తేమ 61 రోజులు బేరింగులను తింటూ కూర్చోకుండా ఉంటాయి. తీసిన పాత ఆయిల్‌ని బకింగ్‌హాం కాలువలో పోసేవాళ్లని చూశాను. అదే నీళ్లలో రొయ్య పిల్లలు పెరుగుతాయి అబ్బయా. డబ్బాలో పట్టి, పాత ఆయిల్ కొనడానికి లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వండి.

ఇంటిపని: ఇప్పుడు మీ బోటులో ఉన్న ఆయిల్ డబ్బా వెనకవైపు ఫొటో తీయండి. నంబరు, ఏపీఐ అక్షరాలు, బ్యాచ్ నంబరు మూడూ నోటు పుస్తకంలో రాసి, ఇంజన్ పుస్తకంలో రాసుకున్నదాని పక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే కింద గీత గీయండి. 5వ పాఠంలో ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారితే సముద్రపు నీళ్లు ఎక్కడి నుంచి దూరాయో వెతుకుదాం.