పేగు రక్షణ, రోగనిరోధక చికిత్స – 5వ పాఠం: గండి కాదు, ఊట

నాలుగో పాఠంలో వాడిన ఒక పోలిక చేటు చేసింది. దాన్ని సరిదిద్దకుండా ముందుకు వెళ్ళలేం. హెచ్‌ఐవి సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలో రక్షణ ఇచ్చే సీడీ4 అనే తెల్ల రక్తకణాలు పెద్ద ఎత్తున నశిస్తాయనీ, వరదకు ఏటిగట్టు గండి పడ్డట్టు పేగు గోడ దెబ్బతింటుందనీ అక్కడ రాశాం. అభ్యాసానికి వచ్చిన జవాబులు చూస్తే, చాలామంది ఆ గండిని నిజం గండే అనుకున్నారు. "మీ పేగుకు చిల్లులు పడ్డాయండీ" అని రోగికి చెబుతామన్నారు. కొందరు స్కానింగ్ రాయిస్తామన్నారు, ఇంకొందరు ఎండోస్కోపీకి కాకినాడ పంపిస్తామన్నారు.

చిల్లు అనే మాట ఈ రోజే మానేయండి. పేగుకు చిల్లు పడటం వేరే జబ్బు. కడుపు చెక్కలా బిగుసుకుపోతుంది, మనిషిని ఆ పూటే ఆపరేషన్‌కు తీసుకెళ్ళాలి. పదేళ్ళుగా మందులు సక్రమంగా వాడుతూ పొలం పనికి వెళ్ళే మనిషికి ఆ మాట చెబితే ఆ రాత్రి నిద్రపోడు.

డెల్టాలో పుట్టినవాళ్ళకు ఊట గురించి వేరే చెప్పక్కర్లేదు. కాలవ నిండుగా పారుతుంటే గట్టు అవతలి చేలో చెమ్మ తేలుతుంది. గట్టెక్కి చూస్తే ఎక్కడా పగులు ఉండదు. పేగులోనూ ఇంతే. పేగు లోపలి పొర ఒకే ఒక్క వరస కణాలు. ఆ కణాలను పక్కపక్కన బిగించి ఉంచే అతుకులు వదులైనప్పుడు సూక్ష్మజీవుల తునకలు, ముఖ్యంగా లైపోపాలీశాకరైడ్ అనే పదార్థం, కొద్దికొద్దిగా రక్తంలోకి ఊరుతాయి. శరీరం వాటిని చూసి రోజూ యుద్ధానికి సిద్ధమవుతూనే ఉంటుంది. హెచ్‌ఐవి ఉన్నవారిలో ఎడతెగని లోలోపలి వాపుకు (ఇన్‌ఫ్లమేషన్) ఈ ఊట ఒక కారణమని 2006లో ప్రచురించిన పరిశోధన చూపించింది. స్కానింగ్‌లో ఇది కనబడదు. పరిశోధకులు రక్తంలో ఎస్‌సీడీ14 లాంటి గుర్తులు కొలిచి అంచనా వేస్తారు. "లీకీ గట్" పేరుతో బయట చేసే పరీక్షలకు మీ దగ్గరికొచ్చే మనిషి చేత రూపాయి కూడా ఖర్చు పెట్టించకండి. వాటి ఫలితం ఎలా వచ్చినా ఏఆర్‌టి, అంటే హెచ్‌ఐవిని అణచే మందులు, మారదు.

రెండో పొరపాటు ఇంతకంటే సహజమైనది: "వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదు కాబట్టి పేగు కూడా బాగైపోయినట్టే." వరద తీసింది నిజమే. గట్టు చూసుకునే లస్కర్లు అందరూ తిరిగి రాలేదు. పేగులో ఆ లస్కర్ల పని చేసేవి టీహెచ్17 కణాలు, సీడీ4 కణాల్లోనే ఒక రకం. అవి విడుదల చేసే ఐఎల్-17, ఐఎల్-22 అనే సంకేతాలు గోడ కణాలను పెరగమంటాయి, అతుకులు బిగించమంటాయి, సూక్ష్మజీవులను చంపే పదార్థాలు తయారుచేయమంటాయి. మందులు మొదలుపెట్టాక రక్తంలో సీడీ4 పెరిగినంత త్వరగా పేగులో ఈ కణాలు పెరగవు. చాలామందిలో పూర్తిగా కోలుకోవు కూడా. మందులు ఎంత త్వరగా మొదలైతే నష్టం అంత తక్కువ.

ఇప్పుడు అసలు పాఠం. "పేగును బాగుచేసే కొత్త ఇంజెక్షన్ వచ్చిందట కదండీ" అంటూ ఎవరో ఫోన్‌లో వార్త చూపిస్తారు. దాన్ని ఎలా చదవాలి?

2016లో వచ్చిన ఒక అధ్యయనం తీసుకోండి. ఐఎల్-21 అనే సంకేత పదార్థాన్నీ, ప్రోబయాటిక్‌లనూ (పేగుకు మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు) కలిపి ఇచ్చారు. పేగులో చురుకైన టీహెచ్17 కణాలు పెరిగాయి, ఊట గుర్తులు తగ్గాయి, సూక్ష్మజీవుల పొందిక మెరుగైంది. వార్త ఇక్కడితో ఆగిపోతుంది. మీరు ఆగకూడదు. ఇచ్చింది ఎవరికి? ఎస్‌ఐవి (కోతుల్లో హెచ్‌ఐవి లాంటి వైరస్) సోకిన మకాక్ కోతులకు, అవీ కొద్ది సంఖ్యలోనే. దేని మీద ఇచ్చారు? వైరస్ మందులు నడుస్తుండగా, వాటికి అదనంగా. వైరస్ మందులు తీసేసి కాదు. ఈ ఒక్క ముక్క రోగికి రెండుసార్లు చెప్పండి. దేనితో పోల్చారు? వైరస్ మందులు మాత్రమే వాడిన కోతులతో. కాబట్టి వచ్చిన మేలులో ఐఎల్-21 వాటా ఎంత, ప్రోబయాటిక్ వాటా ఎంత అని ఈ పోలిక ఒక్కటే విడదీసి చెప్పలేదు. అంతకుముందు అదే జాతి కోతులకు ప్రోబయాటిక్ ఇచ్చినప్పుడు పేగులో సీడీ4 మెరుగైనా టీహెచ్17 అంతగా కోలుకోలేదు. ఐఎల్-21 కలపాలన్న ఆలోచన అక్కడి నుంచే వచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: ఏది కొలిచారు? దీనికి ఐఎల్-2 అనే మరో సంకేత పదార్థం చరిత్రను మించిన ఉదాహరణ లేదు. ఎస్ప్రిట్, సిల్‌కాట్ అనే రెండు పెద్ద ప్రయోగాల్లో కలిపి దాదాపు 5,800 మంది పాల్గొన్నారు. సగం మందికి వైరస్ మందులతోపాటు ఐఎల్-2 ఇంజెక్షన్లు ఇచ్చారు. వారిలో సీడీ4 కౌంట్ బాగా పెరిగింది. 2009లో తుది ఫలితాలు వచ్చేసరికి, అవకాశవాద జబ్బులు (రక్షణ తగ్గినప్పుడు పట్టుకునేవి) గానీ మరణాలు గానీ ఇంజెక్షన్ తీసుకోనివారికంటే తగ్గలేదు. అంకె పెరిగింది, మనిషికి ఒరిగింది లేదు. ఊట గుర్తు తగ్గిందన్న ప్రతి వార్తనూ ఈ అనుభవం పక్కన పెట్టి చదవండి.

రక్షణ కణాలను పేగు వైపు నడిపే ఆల్ఫా4 బీటా7 అనే అణువును అడ్డుకునే యాంటీబాడీ సంగతీ క్లుప్తంగా తెలుసుకోండి. 2016లో కోతుల్లో గొప్ప ఫలితం అన్నారు. 2019లో ఇతర బృందాలు మళ్ళీ చేస్తే ఆ ఫలితం రాలేదు. అదే కోవకు చెందిన వెడోలిజుమాబ్‌ను మనుషుల్లో పరీక్షించినప్పుడు, మందులు ఆపాక వైరస్ తిరిగి లేవడాన్ని అది ఆపలేకపోయింది.

రోగికి చెప్పే జవాబు ఇంతకుమించి పొడవు అక్కర్లేదు: "అవునండీ బాబాయ్, పరిశోధన జరుగుతోంది. ఇప్పటికైతే కోతుల్లోనూ, ప్రయోగాల్లోనూ ఉంది, మన కేంద్రంలో ఇచ్చే మందు కాదండీ. రేపు వచ్చినా, మీరు వేసుకుంటున్న మాత్రకు తోడుగానే వస్తుంది. ఆ మాత్ర మాత్రం మానకండి."

ఇక తరవాణి. చద్దన్నం, తరవాణి, పెరుగు ప్రోబయాటిక్ చికిత్సేనా అని మీలో కొందరు అడిగారు. కాదు, ఆహారం. ఇంట్లో చేసుకునే వాటిలో ఏ సూక్ష్మజీవి ఎంత ఉందో చెప్పలేం. అలవాటున్నవారు తినొచ్చు. తరవాణికి పోసే నీళ్ళు మాత్రం కాచి చల్లార్చినవై ఉండాలి. నీళ్ళు తెర్లి ఒక నిమిషం మరగాలి. సీడీ4 తక్కువగా ఉన్నవారిని నెలల తరబడి విరేచనాలతో పీడించే క్రిప్టోస్పోరిడియం క్లోరిన్‌కు సరిగా లొంగదు. వేసవిలో కాలవలు కట్టేశాక చెరువు నీళ్ళే దిక్కైన ఊళ్ళలో ఇది మరీ అవసరం. మందుల షాపులో అమ్మే ప్రోబయాటిక్ సాచెట్లు సీడీ4 200 లోపు ఉన్నవారికి మీ అంతట మీరు చెప్పకండి. రక్షణ బాగా తగ్గినవారిలో ఆ సూక్ష్మజీవులే రక్తంలో చేరిన సందర్భాలున్నాయి.

ఇప్పుడు చెప్పేది జవాబుల్లో ఒక్కరు కూడా పట్టుకోని ఉచ్చు. పొట్ట బాగాలేని మనిషి ముందు కొనేది గ్యాస్ మాత్ర. నమిలేదో, గులాబీ రంగు సిరప్పో. అందులో చాలావరకు అల్యూమినియం, మెగ్నీషియం ఉంటాయి. మన కేంద్రాల్లో ఎక్కువమంది వాడే మాత్రలో టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు ఉంటాయి. డోలుటెగ్రావిర్ పనిచేసేదే వైరస్ ఎంజైములోని మెగ్నీషియంను పట్టుకుని. పొట్టలోనే లోహం ఎదురైతే అక్కడే దాన్ని పట్టుకుంటుంది, రక్తంలోకి వెళ్ళదు. మనిషి ఒక్క రోజు కూడా మాత్ర మానలేదు, అయినా మందు చాలదు. వైరస్ లేస్తుంది, పేగు మళ్ళీ మొదటికొస్తుంది. పేగు కోసం వేసుకున్న మాత్రే పేగుకు కీడు చేసినట్టవుతుంది.

నియమం: డోలుటెగ్రావిర్ వేసుకున్నాక 2 గంటలు ఆగి గ్యాస్ మాత్ర వేసుకోవచ్చు. ముందే గ్యాస్ మాత్ర వేసుకుంటే 6 గంటలు ఆగి డోలుటెగ్రావిర్ వేసుకోవాలి. "రెండు గంటల తేడా చాలు" అని రాసినవారు సగమే చదివారు. లెక్క కట్టండి. రాత్రి 9కి మందు వేసుకునే మనిషికి మధ్యాహ్నం 3 నుంచి రాత్రి 11 వరకు గ్యాస్ మాత్ర పనికిరాదు. రాత్రి భోజనం చేశాక మంటొచ్చే మనిషికి సరిగ్గా అదే నిషిద్ధ సమయం. ఉదయం 7కి వేసుకుంటే నిషిద్ధం అర్ధరాత్రి దాటి 1 నుంచి ఉదయం 9 వరకు, ఎక్కువ భాగం నిద్రలోనే పోతుంది. అందుకే గ్యాస్ బాధ ఉన్నవారికి ఉదయం పూటే మా మొగ్గు. సమయం మార్చేది మాత్రం ఏఆర్‌టి డాక్టరును అడిగాకే.

సుక్రాల్‌ఫేట్ సిరప్‌కూ ఇదే నియమం, అందులోనూ అల్యూమినియమే. క్యాల్షియం, ఐరన్ మాత్రలకు వెసులుబాటు ఉంది: అన్నంతోపాటు అయితే డోలుటెగ్రావిర్‌తో కలిపి వేసుకోవచ్చు. పరగడుపున అయితే 2, 6 గంటల నియమమే. గర్భిణులకు ఇది తప్పకుండా చెప్పాలి. పాంటాప్రజోల్‌తో డోలుటెగ్రావిర్‌కు ఇబ్బంది లేదు. రెండో వరస మందుల్లో అటాజనావిర్ ఉన్నవారికి ఇది తలకిందులు: అటాజనావిర్ ఒంటబట్టడానికి పొట్టలో పులుపు కావాలి, పాంటాప్రజోల్ దాన్ని తగ్గించేస్తుంది. కాబట్టి ముందు చీటీ చూడండి, తర్వాతే నోరు తెరవండి.

అభ్యాసం. మీ దగ్గరికొచ్చే వారిలో పొట్ట బాధ చెప్పిన పది మందిని ఎంచుకోండి. వారం రోజులు వారు నోట్లో వేసుకున్న ప్రతి మాత్ర, సిరప్, పొడి, నాటు మందు గంటతో సహా రాయించండి. ఖాళీ సీసాలు, అట్టలు తెప్పించుకుని వెనక ఉన్న పేర్లు స్వయంగా చదవండి, "గ్యాస్ మందండీ" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఒక్కొక్కరికీ నిషిద్ధ సమయం గీత గీసి చూపించండి. అందులో మాత్ర పడినవారి చివరి వైరల్ లోడ్ తేదీ పక్కన రాయండి, జాబితా డాక్టరుకు అందించండి. రక్తం పడే విరేచనాలు, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన విరేచనాలు, జ్వరం, వీటిలో ఏది ఉన్నా ఆ మనిషిని వారం రాయించకుండా అదే రోజు పంపించండి.