చలి ముదిరిన నెలల్లో పెరటి తోట సంరక్షణ

ఆదిలాబాద్ ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల కంటే దిగువకు పడిపోవడం దాదాపు ఏటా చూసేదే. చలి బాగా ముదిరిన సంవత్సరాల్లో అది 5 డిగ్రీల దరిదాపులకు కూడా వస్తుంది. ఈ చలి క్యాబేజీకి, ముల్లంగికి, పాలకూరకు, మెంతికూరకు మేలే చేస్తుంది. ఇబ్బంది పడేవి టమాటా, వంగ, మిరప, గుమ్మడి, దోస వంటి తీగజాతి కూరగాయలు, కరివేపాకు, తులసి. ఇన్నేళ్లుగా పెరడు చూసుకుంటున్న అనుభవంతో నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే: ఈ నెలల్లో చచ్చిపోయే మొక్కల్లో ఎక్కువ భాగం చలి వల్ల కాక, ఎదుగుదల మందగించిందన్న కంగారులో మనం పోసే నీళ్ల వల్ల, వేసే ఎరువుల వల్ల చచ్చిపోతాయి.

కాబట్టి ముందుగా నీటి సంగతి చూద్దాం. చలికాలంలో వేరు నీటిని నెమ్మదిగా తీసుకుంటుంది, మట్టి కూడా తొందరగా ఆరదు. అందువల్ల వేసవిలో రోజూ పోసిన అలవాటును మానుకొని, వేలిని రెండు కణుపుల లోతు వరకు మట్టిలోకి దించి, అక్కడ పొడిగా తగిలినప్పుడే నీళ్లు పోయాలి. నా పెరట్లో నేల మీది మొక్కలకు మూడు నాలుగు రోజులకొక తడి సరిపోతోంది. సాయంత్రం పోయకూడదు. ఒక ఏడాది నేను రోజూ పొద్దుగూకే వేళ నీళ్లు పెట్టి, మొదలు కుళ్లడం వల్ల ఒక మడి టమాటా నారంతా పోగొట్టుకున్నాను. ఉదయం ఎండ పడ్డాక, ఆకులు తడవకుండా మొదట్లోనే పోయాలి. మిద్దె మీది ట్యాంకులో రాత్రంతా నిలిచిన నీరు ఉదయానికి చేతులు జివ్వుమనేంత చల్లగా ఉంటుంది, అదే అప్పుడే తోడిన బోరు నీరు గోరువెచ్చగా వస్తుంది. వీలున్నవారు ఆ నీటినే పట్టి పోయడం మంచిది.

తరువాత చూడవలసింది ఎండ. దక్షిణాయనం చివరి రోజుల్లో సూర్యుడు దక్షిణానికి బాగా వాలి ఉండడం వల్ల, మా ఊళ్లో 5 అడుగుల ప్రహరీ నీడ మిట్టమధ్యాహ్నం కూడా ఉత్తరం వైపుకు నాలుగున్నర అడుగుల దాకా పడుతుంది. జూన్‌లో ఎండగా కనిపించిన మడి డిసెంబరులో రోజంతా నీడలో ఉండిపోవడానికి కారణం ఇదే. కుండీలను, సంచులను దక్షిణం వైపు ఎండ తగిలే గోడ పక్కకు జరిపి, ఒకదానికొకటి దగ్గరగా చేర్చి, ఇటుకల మీద పెట్టాలి. పగలంతా వేడెక్కిన గోడ రాత్రి ఆ వేడిని మెల్లగా వదులుతుంది, అడుగున ఉన్న సిమెంటు గచ్చు చల్లదనం కూడా వేరుకు నేరుగా తగలదు.

మబ్బు పట్టిన రాత్రి కంటే, నక్షత్రాలు స్పష్టంగా కనిపిస్తూ గాలి స్తంభించిన రాత్రికే ఎక్కువ భయపడాలి, ఎందుకంటే కప్పి ఉంచే మబ్బు లేనప్పుడు నేలలోని వేడి పైకి తొందరగా వెళ్లిపోతుంది. అటువంటి రాత్రి రాబోతోందని అనిపించినప్పుడు ఆ ఉదయమే మట్టిని తగుమాత్రంగా తడిపి ఉంచితే, పొడి మట్టి కంటే అది వేడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది. సూర్యుడు అస్తమించక ముందే నాలుగు కర్రలు పాతి, వాటి మీద పాత నూలు చీరనో గోనె పట్టానో నేల దాకా దించి కప్పాలి. ప్లాస్టిక్ పట్టా తప్ప మరేదీ దొరకకపోతే అది ఆకులను తాకకుండా చూడాలి. ఉదయం ఎండ రాగానే కప్పు తీసివేయడం కప్పడమంత ముఖ్యం. మొక్కల మొదట్లో పరిచే ఎండుటాకులు, వరిగడ్డి పెద్ద మొక్కలకు మంచివే గానీ, లేత నారు ఉన్న మడిలో పగటిపూట వాటిని పక్కకు లాగితేనే మట్టికి ఎండ తగులుతుంది.

టమాటా పూత రాలుతుంటే ఆందోళన పడనక్కరలేదు. రాత్రి ఉష్ణోగ్రత సుమారు 13 డిగ్రీల కంటే తగ్గినప్పుడు పుప్పొడి సరిగా పనిచేయక పిందె నిలవదు, చలి తగ్గాక వచ్చే పూత నిలుస్తుంది. లేత మొక్కల ఆకుల అడుగుభాగం ఊదారంగుకు తిరగడం కూడా చాలాసార్లు చల్లని మట్టిలోంచి వేరు భాస్వరం తీసుకోలేకపోవడం వల్లనే. మట్టిలో భాస్వరం ఉన్నా అది అందడం లేదు కాబట్టి, ఇంకా ఎరువు వేసి ప్రయోజనం లేదు. ఇంట్లో జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం వంటివి కలిపి పులియబెట్టే ద్రవ ఎరువు) కలుపుకునేవారు చలిలో అది పులియడానికి మామూలు కంటే ఎక్కువ రోజులు పడుతుందని గుర్తుంచుకొని, డబ్బాను ఎండపొడ తగిలే చోట గోనెసంచి చుట్టి ఉంచాలి.

ఈ కాలానికి పందిరి చిక్కుడు అసలైన పంట, పగటి పొద్దు తగ్గితేనే నాటు చిక్కుడు పూతకు వస్తుంది. దానికి శత్రువు పేనుబంక. పూగుత్తి కాడను దగ్గరగా చూస్తే నల్లని సన్నని పురుగులు సందు లేకుండా అంటుకొని ఉంటాయి, వాటి తీపి జిగురు కోసం చీమలు బారులు తీరి తిరుగుతుంటాయి. చీమల రాకపోకలు కనిపించిన రోజే తీగను పరిశీలించాలి. ఒకటి రెండు గుత్తులకే పట్టి ఉంటే తుంచి పారవేయడమే మేలైన వైద్యం. ఎక్కువైతే వేపనూనె కొట్టాలి, అయితే చలికి అది సీసాలోనే నెయ్యిలా పేరుకుంటుంది. సీసాను కాసేపు వేడినీళ్ల గిన్నెలో ఉంచి, కరిగిన నూనెను లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల చొప్పున తీసుకొని, కుంకుడుకాయ రసంలో ముందు బాగా గిలక్కొట్టి, ఆ తరువాతే నీటిలో కలపాలి. ఎండ వాలాక, ఆకుల మీద మంచు పడక ముందు పిచికారీ చేయాలి. ఎర్రని వీపు మీద నల్లచుక్కలున్న అక్షింతల పురుగులు అప్పటికే తీగ మీద తిరుగుతుంటే మాత్రం నూనె జోలికి పోకండి, పేనును అవే తింటాయి.

గుమ్మడి, దోస ఆకుల మీద బూడిద తెగులు తెల్లగా కనిపించగానే ఆ ఆకులు తీసివేసి, ఒక వంతు పుల్లటి మజ్జిగకు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లుతుంటే నా తోటలో అది అదుపులో ఉంటోంది. కరివేపాకు ఆకు రాల్చి నిద్రావస్థకు వెళ్తుంది. దాని నీళ్లు తగ్గించి, కత్తిరింపులను ఫిబ్రవరి చివరికి వాయిదా వేయాలి.

కొత్తగా విత్తాలనుకుంటే మెంతులు, పాలకూర, ముల్లంగి, ధనియాలు ఇప్పుడు వేసుకోవచ్చు. ధనియాలను రెండు బద్దలయ్యేలా నలిపి ఒక రాత్రి నానబెట్టి చల్లినా, ఈ చలిలో మొలక రావడానికి రెండు వారాలు పట్టవచ్చు, కాబట్టి విత్తనం చెడిపోయిందనుకొని మడిని తవ్వేయవద్దు. బెండ, గోరుచిక్కుడు, సొర మాత్రం రథసప్తమి దాటేవరకు ఆపడం మంచిది. అప్పుడు కూడా రాత్రుళ్లు చల్లగానే ఉంటే, బెండ గింజలను గోరువెచ్చని నీళ్లలో రాత్రంతా నానవేసి, తడిగుడ్డలో మూటకట్టి పొయ్యి గట్టు మీద ఓ మూల ఉంచి, గింజ మూతి పగిలి తెల్లని మొలక కనిపించాక ఒక్కొక్కటిగా అంగుళం లోతున నాటుకోవాలి.