ఒక్క సాధన దొరికిందని ఆగిపోకండి
రెండు మూడు సమీకరణాలను కలిపి సాధించేటప్పుడు, ఒక ఊహతో మొదలై అడుగడుగునా దాన్ని సరిదిద్దుకుంటూ పోయే న్యూటన్ పద్ధతి మనం మొదలుపెట్టిన చోటును బట్టి ఏదో ఒక సాధన దగ్గరికే తీసుకెళ్తుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ఉదాహరణకు ఎక్స్ వర్గం + వై = 11, ఎక్స్ + వై వర్గం = 7. (3, 2) చూడగానే తడుతుంది, కానీ మరో మూడు వాస్తవ సాధనలున్నాయి. ఒకటి సుమారు (-2.805, 3.131).

అందుకే -5 నుంచి 5 దాకా హద్దులు పెట్టి, వంద యాదృచ్ఛిక బిందువుల నుంచి న్యూటన్ నడపండి, ఒకేలా వచ్చినవి కలిపేయండి. ఇంకా మొండి సమీకరణాలైతే, ప్రతి సమీకరణంలో రెండు వైపుల తేడాల వర్గాల మొత్తాన్ని సైపై (పైథాన్ గణిత లైబ్రరీ)లోని డిఫరెన్షియల్ ఎవల్యూషన్‌తో (హద్దుల్లో అంతటా వెతికి అతి తక్కువ విలువను పట్టే పద్ధతి) తగ్గించి, చివర్లో న్యూటన్‌తో మెరుగుపెట్టండి.

ముఖ్యంగా, ప్రోగ్రామ్ ఆగిపోయింది కదా అని సాధన దొరికిందని నమ్మేయకండి. విలువలు తిరిగి సమీకరణాల్లో వేసి చూడండి. ఆ వర్గాల మొత్తం సున్నాకి రాకుండా 0.3 దగ్గర నిలిచిపోతే అది సాధన కాదు, మధ్యలో తగిలిన గుంట మాత్రమే. ఒక సమీకరణం లక్షల్లో, ఇంకోటి దశాంశాల్లో ఉంటే ముందే ఒకే స్థాయికి తెచ్చుకోండి.