చవక పిస్టల్ మొరాయిస్తే: లక్షణం, కారణం, మరమ్మతు, వారంటీ

హై-పాయింట్ సీ9, టారస్ జీ2సీ, జీ3సీ వంటి 9 ఎంఎం పిస్టళ్లు అమెరికాలో చవక రకాలుగా పేరుపడ్డాయి. ఇవి కాల్పుల సాధన చేసే రేంజిలో మధ్యలో ఆగిపోతే, "చవక సరుకు కదా, ఇంతే" అని యజమాని పెట్టెలో పెట్టేస్తాడు. అలా పెట్టేయడం వల్ల అసలు కారణం బయటపడదు. నేను దగ్గరుండి చూసిన సందర్భాల్లో ఎక్కువగా లోపం తూటాలు నింపే మ్యాగజైన్‌లోనో, తూటాలోనో, నూనె వాడిన తీరులోనో, పట్టుకున్న చేతిలోనో కనిపించింది. నిజంగా పిస్టల్‌లోనే లోపం ఉంటే దాన్ని కంపెనీ ఉచితంగా సరిచేసే అవకాశం ఉంది. అయితే అక్కడిదాకా వెళ్లాలంటే ముందు లక్షణాన్ని స్పష్టంగా గుర్తించి, ఒకసారికి ఒకే ఒక్క విషయం మార్చి చూసి, చూసినది కాగితం మీద రాసుకోవాలి.

ఏ పరీక్షకైనా ముందు మ్యాగజైన్ బయటికి తీయాలి, ఆ తర్వాత స్లయిడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి చాంబర్‌లోకి (పేలే ముందు తూటా కూర్చునే చోటులోకి) కంటితో చూడాలి, వేలితో తడిమి కూడా నిర్ధారించుకోవాలి. ఈ క్రమం తారుమారైతే, అంటే స్లయిడ్ ముందు లాగి మ్యాగజైన్ తర్వాత తీస్తే, ఖాళీ అనుకున్న చాంబర్‌లో కొత్త తూటా కూర్చుని ఉంటుంది.

సమస్య: తూటా చాంబర్‌లోకి ఎక్కకుండా ముక్కు కిందికి వాలి ఆగిపోతోంది

చవక పిస్టళ్ల మీద వచ్చే ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా విన్నది ఇదే, ఇందులో మొదట అనుమానించవలసింది మ్యాగజైన్‌నే. మ్యాగజైన్ పైభాగంలో తూటాను పట్టి ఉంచే రెండు రేకు అంచులు ఉంటాయి. అవి వెంట్రుకవాసి వంగినా తూటా లేవవలసిన కోణంలో లేవదు, దాని ముక్కు చాంబర్ కింది వాలు మీద గుచ్చుకుంటుంది. ఆగిపోయిన తూటాను పారేయకుండా వెలుతురులో తిప్పి చూడండి. రాగి ముక్కు మీద ఒకవైపు మెరిసే గీతో, చిన్న సొట్టో ఉంటుంది. ప్రతిసారీ అదే చోట ఉంటే తూటా ఒకే కోణంలో తగులుతోందని అర్థం.

దీన్ని తేల్చడానికి రెండు మ్యాగజైన్ల అడుగున తెల్ల టేపు అంటించి 1, 2 అని రాయండి. ఒకే పెట్టెలోని తూటాలను రెండింటిలోనూ నింపి, ఒక్కొక్కదానితో 50 చొప్పున కాల్చండి. ఒకటో నంబరు మాత్రమే ఆగుతుంటే పిస్టల్‌కు దోషం లేదు. ఆ మ్యాగజైన్‌ను విప్పి, స్ప్రింగ్ తలకిందులుగా పడలేదో, లోపల ఇసుక లేదో చూసి, అయినా మారకపోతే కొత్తది అడగండి. పట్టకారుతో ఆ అంచులను వంచే వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించవద్దని నా గట్టి సలహా, ఎందుకంటే ఒకసారి చేయి పడిన తర్వాత అసలు లోపం ఏమిటో కంపెనీవారు కూడా చెప్పలేరు.

రెండు మ్యాగజైన్లూ ఒకేలా ఆగుతుంటే తూటా రకం మార్చండి. ముక్కు ముందు గుంట ఉన్న రకం ఆగి, గుండ్రటి ముక్కు రకం సాఫీగా నడుస్తుంటే, ఆ పిస్టల్ వాలుకు ఆ ఆకారం నప్పడం లేదన్నమాట. కొత్త పిస్టల్‌లో స్లయిడ్‌ను తిరిగి ముందుకు తోసే రీకాయిల్ స్ప్రింగ్ బిగువుగా ఉంటుంది కనుక బలహీనమైన 115 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) తూటాలు స్లయిడ్‌ను పూర్తిగా వెనక్కి నెట్టలేక పోవచ్చు. 124 గ్రెయిన్లవి ప్రయత్నించి, మొదటి 200 తూటాల వరకు ఓపిక పట్టడం మంచిది. ఎక్కువ పీడనంతో పేలే ప్లస్-పీ తూటాలు దీనికి మందు కావు: సాధారణ 9 ఎంఎం తూటాకు గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 35,000 పౌండ్లయితే, ప్లస్-పీకి అది 38,500. పిస్టల్ పుస్తకంలో అనుమతి ఉంటేనే వాటిని వాడాలి.

సమస్య: పేలిన తూటా ఖాళీ తొడుగు బయటికి పోకుండా స్లయిడ్‌కు అడ్డంగా నిలబడుతోంది

స్లయిడ్ పూర్తి వేగంతో వెనక్కి వెళ్లాలంటే కింది చట్రం కదలకుండా నిలవాలి. మణికట్టు వదులుగా ఉంటే పిస్టల్ మొత్తం స్లయిడ్‌తో పాటే వెనక్కి జరుగుతుంది, తొడుగును విసరడానికి కావలసిన బలం అక్కడే ఖర్చయిపోతుంది. తేలికైన చట్రాల్లో ఇది ఎక్కువ. అనుభవం ఉన్న మరొకరి చేత అదే మ్యాగజైన్‌తో, అవే తూటాలతో కాల్పించి చూడండి. వారి చేతిలో ఆగకపోతే దిద్దుకోవలసింది పట్టునే.

పట్టు బాగానే ఉంటే, తొడుగును చాంబర్ నుంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పేరుకున్న మసిని నైలాన్ బ్రష్‌తో తీయాలి. హై-పాయింట్ యజమానులు ఇక్కడ ఒక ప్రత్యేకతను తెలుసుకోవాలి. ఆ పిస్టల్‌లో తొడుగును బయటికి విసిరే ఎజెక్టర్ విడిగా ఉండదు, స్లయిడ్ వెనక్కి వచ్చేటప్పుడు తూటాను కొట్టి పేల్చే ఫైరింగ్ పిన్నే ముందుకు పొడుచుకువచ్చి తొడుగును బయటికి తన్నుతుంది. అందువల్ల ఒకే రోజున ప్రైమర్ (తూటా అడుగున ఉండి, దెబ్బకు మందును అంటించే బిళ్ల) మీద దెబ్బ తేలికగా పడటం, తొడుగులు బయటికి పోకపోవడం రెండూ మొదలైతే వాటిని రెండు రోగాలుగా చూడకూడదు. ఫైరింగ్ పిన్ కొన విరిగిందేమోనని అనుమానించి, కాల్చడం ఆపి కంపెనీకి పంపాలి.

సమస్య: ట్రిగ్గర్ నొక్కితే చప్పుడు వస్తోంది, తూటా పేలడం లేదు

పిస్టల్‌ను గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు అరుదైనా ఉంటాయి. తర్వాత దాన్ని తీసి ప్రైమర్ మీది గుర్తును, సరిగా పేలిన తొడుగు మీది గుర్తుతో పక్కపక్కన పెట్టి పోల్చండి. గుంట లోతుగా, నడిమధ్యన ఉంటే తప్పు తూటాది. గుంట కేవలం చుక్కలా ఉండి, మరో కంపెనీ తూటాతోనూ అలాగే పడుతుంటే తప్పు పిస్టల్‌ది. టారస్ జీ2సీలో ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కితే అదే ప్రైమర్‌ను రెండోసారి కొట్టే వీలుంది. రెండో దెబ్బకు పేలిందంటే మొదటి దెబ్బ ప్రైమర్‌ను లోపలికి దిగగొట్టడానికే సరిపోయి ఉండవచ్చు.

నేను చూసిన వాటిలో పిస్టల్ వైపు సాధారణ కారణం అతి శుభ్రత. ఫైరింగ్ పిన్ నడిచే గొట్టంలోకి నూనె పిచికారీ చేస్తే అది మసితో కలిసి జిగురవుతుంది, చలికాలంలో మరీ చిక్కబడుతుంది. ఆ గొట్టం పొడిగా ఉండాలి, నూనె స్లయిడ్ పట్టాలకు ఒక్కొక్క చుక్క చాలు.

స్లయిడ్ చివరి తూటా తర్వాత వెనక నిలవకపోతే, ముందు మీ బొటనవేలు స్లయిడ్‌ను వెనక ఆపే మీట (స్లయిడ్ స్టాప్) మీద ఉందేమో చూసుకోండి, ఆ తర్వాతే మ్యాగజైన్ స్ప్రింగ్‌ను అనుమానించండి.

ఇంట్లో ముట్టుకోకూడని లక్షణాలు

ఒకసారి నొక్కితే రెండు పేలడం, ట్రిగ్గర్ ముట్టకుండానే పేలడం, కింద పడితే పేలడం, సేఫ్టీ వేసినా నొక్కుడు పడటం, వీటిలో ఏది కనిపించినా తూటాలు తీసి ఆ పిస్టల్‌ను పక్కన పెట్టాలి. మామూలు పేలుడుకు బదులు తుస్సుమని శబ్దం వస్తే గుండు బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండవచ్చు, ఆ మీద మరొకటి కాల్చితే బ్యారెల్ పగులుతుంది.

1972 చట్టంతో ఏర్పడిన అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘానికి తుపాకులపై అధికారం లేదు. పిస్టల్‌ను వెనక్కి పిలిపించడం తయారీదారు స్వచ్ఛందంగా చేసే పని, 2008లో రూగర్ తన ఎల్‌సీపీ పిస్టళ్లను అలాగే పిలిపించింది. కాబట్టి మీ సీరియల్ నంబరును కంపెనీ రీకాల్ పేజీలో మీరే సరిచూసుకోవాలి, పాతది కొన్నవారు మరీ ముఖ్యంగా.

వారంటీకి పంపడం

నేనొకసారి పిస్టల్‌ను మాత్రమే పంపి మ్యాగజైన్లు ఇంట్లో ఉంచుకున్నాను. అయిదు వారాల తర్వాత "లోపం కనిపించలేదు" అన్న చీటీతో తిరిగి వచ్చింది. కోపంతో మళ్లీ కాల్చితే మళ్లీ ఆగింది. రేంజిలో పరిచయమైన గుంటూరు పెద్దాయన ఆ చీటీ చూసి, "బాబూ, రోగిని ఇంట్లో పెట్టి చొక్కాను ఆసుపత్రికి పంపావు" అన్నారు. రెండోసారి రెండు మ్యాగజైన్లూ, ఆగిన తూటా ఫొటోలూ, ఒక పేజీ ఉత్తరమూ జతచేశాను. మ్యాగజైన్లు మార్చి, చాంబర్ కింది వాలును నునుపు చేసి పంపారు. ఆ ఉత్తరంలో రాసినవి ఇవే: మొత్తం ఎన్ని తూటాలు కాల్చాను, ఏ కంపెనీవి, ఎన్ని గ్రెయిన్లవి, ఏ నంబరు మ్యాగజైన్‌లో ఎన్నోసారి ఆగింది.

యజమాని తన పిస్టల్‌ను మరమ్మతుకు నేరుగా తయారీదారుకు పంపడాన్ని ఫెడరల్ చట్టం అనుమతిస్తుంది, మరమ్మతైన దాన్ని గానీ అదే రకం ప్రత్యామ్నాయాన్ని గానీ కంపెనీ నేరుగా ఇంటికే పంపవచ్చు. వేరే మోడల్ ఇస్తే మాత్రం లైసెన్సున్న దుకాణం ద్వారా, మీ నేపథ్య తనిఖీ తర్వాతే చేతికి వస్తుంది. కంపెనీ పంపిన లేబుల్‌నే, వారు చెప్పిన రవాణా సంస్థనే వాడండి. పెట్టెలో ఒక్క తూటా కూడా ఉండకూడదు. మీరు విడిగా బిగించిన సైట్లు, లైట్లు ముందే తీసేయండి. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్న మనవాళ్లు ఒక సంగతి గమనించాలి: వేట లైసెన్సు వంటి మినహాయింపులు వర్తించకపోతే తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం, కనుక స్నేహితుడి పిస్టల్‌ను పంపిపెట్టే సాయానికి కూడా ఒప్పుకోవద్దు.

వారంటీ పత్రాన్ని కొనకముందే చదవండి. 1975 నాటి మాగ్నుసన్-మాస్ చట్టం ప్రకారం రాతపూర్వక వారంటీ సంపూర్ణమా పరిమితమా అన్నది దాని మీదే రాసి ఉండాలి. ఇంట్లో మందు నింపి సొంతంగా తయారుచేసుకున్న తూటాలు వాడితే వారంటీ చెల్లదని చాలామంది తయారీదారులు రాస్తారు. ఒహాయోలోని హై-పాయింట్ జీవితకాల వారంటీ ఇస్తుంది, పాతది కొన్నవారికీ వర్తింపజేస్తుంది. చవక పిస్టల్‌కు ఇది చాలా పెద్ద మేలు. కానీ జీవితకాలం అన్నది కంపెనీ జీవితకాలం కూడా. కాలిఫోర్నియాలోని చవక పిస్టళ్ల కంపెనీ బ్రైకో 2003లో దివాలా తీసింది. దాని ఆస్తులు కొన్న హిమెనెజ్ ఆర్మ్స్ 2020లో దివాలా దాఖలు చేసింది. ఆ పేర్లున్న పిస్టల్ ఎంత తక్కువకు వచ్చినా, చెడితే అడగడానికి ఎవరూ ఉండరని లెక్క వేసుకునే ధర కట్టండి.

మరమ్మతు నుంచి వచ్చిన పిస్టల్‌ను మొదట ఒకే తూటాతో, తర్వాత రెండింటితో పరీక్షించి, ఆ మీద మునుపు ఆగిన రకం తూటాలనే కనీసం 100 కాల్చండి. అప్పటిదాకా పాత కాగితాన్ని పారేయకండి, మళ్లీ ఆగితే తేదీ వేసి దాని కిందనే రాయండి.